మాంతై దిబ్బ యెవరిది?

గత సంవత్సరము వేసవి సెలవులకు ముందు, మా తొమ్మిదవ తరగతిలోని బాలుడొకడు పాతగుడ్డలో మూటగట్టి కొన్ని వస్తువులు తెచ్చి మా బల్లమీద బెట్టెను. విప్పి చూడగా నల్లని కుండపెంకులు గుప్పెడు, ఎఱ్ఱరాతిపూస యొకటి, అచ్చు చెరిగిపోయిన సీసపు నాణెమొకటి కనబడెను. తన గ్రామమునకు చేరువనున్న పాటిదిబ్బనుండి రైతులు పొలములకు మన్ను తోలుచుండగా నవి బయటపడినవని చెప్పి, "మాష్టారూ, ఇవి మనవాళ్లవేనా?" అని యడిగెను.

ఆనాడు పరీక్షపత్రములు దిద్దు తొందరలో నుంటిమి. "ఎవరివైన నేమి, పోయి చదువుకొనుము" అని పంపివేసితిమి. వాడు మూట తీసికొని వెడలిపోయెను. సెలవుల తరువాత అడుగగా, పూసను చెల్లెలి కిచ్చితిననియు, తక్కినవి ఎచటనో పారవేసితిననియు చెప్పెను. ఉపాధ్యాయుడు చెప్పదగని మాట మేము చెప్పితిమి. దాని ఫలము కన్నులార జూచితిమి. ఈ వ్యాసము ఆ బాలుని ప్రశ్నకు మేము ఆలస్యముగా చెప్పుచున్న సమాధానమని పాఠకులు గ్రహింతురుగాక.

"మనవాళ్లు" అనునది మిక్కిలి చిన్న మాట. అందులో ఊరు, కులము, మతము, భాష అన్నియు నిమిడియున్నవి. పాతదిబ్బలను జూచునప్పుడు మన పెద్దలకు సైతము మొదట తోచు ప్రశ్న యిదియే. ఈ ప్రశ్నను పరీక్షించుటకు సముద్రతీరమునందలి ప్రాచీన వర్తకపట్టణముకంటె తగిన స్థలము లేదు. అందును ద్వీపపు రేవుపట్టణమైనచో మఱియు తగును. నలుదిక్కులనుండి ఓడలు వచ్చు చోట "మనవాళ్లు" ఎవరు, "పైవాళ్లు" ఎవరు? కావున మన యూరి పాటిదిబ్బకు మరలి వచ్చుటకు ముందుగా చదువరులను శ్రీలంక తీరమునకు గొనిపోవుదుము.

శ్రీలంక వాయవ్యతీరమున, మన్నారు దీవి కెదురుగా, మాంతై అను దిబ్బ యున్నది. పాళీగ్రంథములు దీనిని మహాతిత్థమనినవి, అనగా గొప్పరేవు. తమిళులు మాతోట్టమనిరి. దిబ్బ గుఱ్ఱపులాడపు ఆకారమున నుండును. చుట్టును రెండు అగడ్తలు. సమీపముననే మల్వతు ఓయ అను నది సముద్రమున గలియుచున్నది. ఆ నదివెంబడి లోపలికి పోయినచో ప్రాచీన రాజధానియైన అనూరాధపురము చేరవచ్చును. మాంతై ఆ రాజధానికి సముద్రద్వారమన్నమాట.

ఊరు అచటనే పుట్టుటకు కారణము భూగోళశాస్త్రము చెప్పును. భారతదేశమునకును లంకకును నడుమనున్న సముద్రము లోతు తక్కువ. ఇసుకతిన్నెలు, రాతివరుసలు అడ్డుపడుటచే పెద్ద యోడలు దాటిపోవుట దుర్లభము. పడమటినుండి వచ్చిన సరుకు తూర్పునకు పోవలెనన్నను, తూర్పుసరుకు పడమటికి పోవలెనన్నను, ఈ ప్రాంతమున దించి, చిన్న నావలలోనికి మార్చి, అవతల మరల నెక్కించుట సులభోపాయము. సరుకు దింపుచోట కూలివాడుండును, కొట్టుండును, సుంకమువాడుండును, అన్నము వండువారుందురు. ఈ విధముగా ఊరు వెలసెను.

ఈ రేవును గూర్చి మహావంశము చెప్పు కథలలో నొకటి గమనింపదగినది. విజయునికి వధువు పాండ్యుల మధురనుండి వచ్చినదనియు, ఆమె వెంట పదునెనిమిది శ్రేణులకు చెందిన పనివారి కుటుంబములు వచ్చి మహాతిత్థముననే దిగినవనియు అందున్నది. కథలో నెంత చరిత్ర యున్నదను చర్చ యటుండనిండు. ద్వీపవాసులే తమ గ్రంథమున ఈ రేవు పేరెత్తగనే ఆవలియొడ్డునుండి వచ్చినవారిని తలచుకొనిరి గదా! రేవు వారి మనస్సులో నట్టి స్థలము.

గ్రంథములు చెప్పునది యొకటి. నేల చెప్పునది వేఱొకటి. మాంతైయందు 1980 మొదలు 1984 వరకు జాన్ కార్స్‌వెల్ అను పండితుని యాధ్వర్యమున త్రవ్వకములు జరిగినవి. 1983లో ఆ ద్వీపమున రాజుకొన్న అంతర్యుద్ధముచే పని నిలిచిపోయినది. యుద్ధము 2009లో ముగిసెను. ఆ వెనువెంటనే 2009, 2010 సంవత్సరములలో మరల కొంత త్రవ్విరి. మొదటి త్రవ్వకముల వృత్తాంతము గ్రంథరూపమున వెలువడుటకు 2013 వరకు పట్టెను. అనగా 1980లో చదువు ముగించి పారబట్టిన యువకుడు పుస్తకము చేతికి వచ్చునప్పటికి తల నెరసినవాడయ్యె నన్నమాట. విద్యార్థులు దీనిని మఱవకుందురుగాక: దిబ్బను పాడుచేయుటకు ఒక్క దినము చాలును, చదువుటకు ఒక తరము కావలెను.

పండితులు వెదకినది నిధులను గాదు. వారు మట్టిని పొరలుపొరలుగా దీసిరి. అడుగుపొర పాతది, పైపొర క్రొత్తది. ఏ వస్తువు ఏ పొరలో దొరకినదో వ్రాసికొనుటయే ఈ శాస్త్రమునకు ప్రాణము. రెండవమారు త్రవ్వినప్పుడు ఆ మట్టిని నీటిలో కలిపి, పైకి తేలిన మసిగింజలను సన్నని జల్లెడలో పట్టిరి. మన తల్లులు పప్పు కడుగునప్పుడు పొట్టు తేలునట్లే, వెనుక ఏ పొయ్యిలోనో పడి మాడిన గింజలు వేయేండ్ల తరువాత నీటిపైకి తేలినవి.

ఆ గింజలలో నేమున్నవి? అన్నిటికంటె మిక్కుటముగా వడ్లు. ఆ యూరివారు అన్నము తినువారు. కొన్ని గోధుమగింజలు, ద్రాక్షవిత్తనములు. ఇవి ఆ నేలలో పండునవి కావు, ఓడలపై వచ్చినవి. క్రీస్తుశకము 7వ శతాబ్దికి చెందిన మిరియపుగింజలు. తుదకు పైపొరలో ఒకే యొక లవంగము. దాని వయస్సు క్రీస్తుశకము 900, 1100 సంవత్సరముల నడిమిదని లెక్కకట్టిరి. ఆ కాలమున లవంగపుచెట్టు తూర్పున దూరముననున్న మలుకు దీవులలోదప్ప లోకమున మఱెచ్చటను పెరుగలేదు. ఆ చిన్న మొగ్గ అచటినుండి కొన్నివేల మైళ్లు ఓడలమీద వచ్చి మాంతైలో ఎవరి చేతినుండియో నేలపై జారెను. దానిని జారవిడిచినవాడు వర్తకుడో, వంటచేయు స్త్రీయో, కొట్టు ఊడ్చు బాలుడో యెవరికెఱుక? 2018లో ఈ గింజల వృత్తాంతము ప్రకటింపబడినప్పుడు పండితలోకము ఆ యొక్క లవంగమును జూచి ఆశ్చర్యపడినది. బంగారుకాసుల బిందె దొరకినను చెప్పలేని సంగతిని ఈ వంటింటిగింజ చెప్పినది.

బంగారుమాట వచ్చినది గనుక ఒక కథ చెప్పుదుము. 6వ శతాబ్దమున అలెగ్జాండ్రియా పట్టణపు క్రైస్తవవర్తకుడు కాస్మాస్ అనునతడు ఈ ద్వీపమును గూర్చి వ్రాసెను. తూర్పుదేశములనుండి పట్టు, అగరు, లవంగము, చందనము ఇచటికి వచ్చి, ఇచటినుండి ఇతర రేవులకు పోవుచున్నవని అతని మాట. అతడే చెప్పిన కథ: సోపాత్రుడను రోమక వర్తకుడును, ఒక పారసీకుడును ద్వీపపురాజు ఎదుట నిలువగా, "మీ యిరువురి రాజులలో నెవడు గొప్ప?" అని రాజు అడిగెనట. పారసీకుడు తన రాజును పొగడుకొనెను. సోపాత్రుడు, "ఇద్దరు రాజులును ఇచటనే యున్నారు, నాణెములు చూడుడు" అనెనట. రోమకనాణెము మేలిబంగారము, పారసీకనాణెము వెండి. రాజు రోమకుని గౌరవించి ఏనుగుపై నూరేగించెనని కథ.

కథ వినుటకు బాగున్నది. అయితే శ్రీలంక నేలలో దొరకిన రోమకనాణెములను లెక్కింపగా, బంగారునాణెములు మిక్కిలి అరుదు. వేలకొలది దొరకినవి 4, 5 శతాబ్దముల నాటి చిన్న రాగినాణెములు. అవియు చేతులు మారిమారి అరిగిపోయినవి. చాలనివానికి బదులుగా ద్వీపవాసులు అదే పోలికతో తామే ముద్రించుకొన్న నాణెములును వాటితో గలిసియున్నవి. గ్రంథకర్త బంగారమును వర్ణించెను, నేల రాగిని దాచెను. రాజసభలో ఒకనాడు మెరసినది బంగారము. ప్రతిదినము బజారులో ఉప్పు, కూర కొన్నది రాగి. ఏది ఆ పట్టణపు నిజమైన చరిత్రయో చదువరులే నిర్ణయింపవచ్చును. నిధికై త్రవ్వువాడు ఈ రాగిని పారవేయును గదా!

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఈ దిబ్బ యెవరిది?

శైవులు తమదందురు. అచట తిరుక్కేదీశ్వరాలయ మున్నది. 7వ శతాబ్దపు సంబంధరును, తరువాతి సుందరరును ఆ దేవుని కీర్తించిరి. చోళుల యేలుబడిలో రాజరాజు పేర ఈ యూరు రాజరాజపుర మనబడెనని శాసనము చెప్పుచున్నది. బౌద్ధులు తమదందురు. అనూరాధపురపు విహారములకు యాత్రికులు దిగిన రేవు ఇదియే. రాజవంశచరిత్రలలో దీని పేరు పలుమారులు వచ్చుచున్నది. చీనాదేశపు పింగాణీపెంకులు, పారసీకసముద్రతీరపు నీలిపూత జాడీలు దిబ్బలో దొరకినవి. వానిని తెచ్చిన నావికులకును ఇందు భాగమున్నది. గాజుపూసలు కరగించి చేసిన పనివారికి భాగము లేదా? వరి దంచిన స్త్రీలకు లేదా?

క్రైస్తవులమైన మేమును ఇట్టి యాశకు అతీతులము గామని ఒప్పుకొనవలెను. ఈ ద్వీపమున పారసీకదేశమునుండి వచ్చి నివసించు క్రైస్తవుల సంఘమొకటి యున్నదనియు, వారికి ఆ దేశమునుండియే పెద్ద నియమింపబడుననియు కాస్మాస్ వ్రాసెను. అనూరాధపురమున 1912లో రాతిపై చెక్కిన సిలువ దొరకినది. మాంతై త్రవ్వకములలో సిలువ గురుతు గల మట్టిముద్ర యొకటి బయటపడినది. ఇవి మొదట చదివినప్పుడు మా హృదయము పొంగెను. "చూచితిరా, మనవాళ్లు అచట ఆనాడే యుండిరి!" అని తోటియుపాధ్యాయులతో చెప్పితిమి. అనిన పిమ్మట మా మాట మాకే వినబడి, ఆ బాలుని ప్రశ్న జ్ఞప్తికి వచ్చెను. మేము అడిగినదియు అదియే ప్రశ్న. ఆ మట్టిముద్రను సరుకుమూటకు వేసినవాడు తన మతము చాటుటకు వేయలేదు. మూట విప్పకుండ చేరవలెనని వేసెను. దానిని పదిలముగా చేర్చిన నావికుడు ఏ దేవుని మ్రొక్కెనో యెవరికి దెలియును?

ఇంకొక మాట దాచక చెప్పవలెను. ఆ శివాలయమును పోర్చుగీసువారు పడగొట్టి, దాని రాళ్లను మన్నారుకోటకు గొనిపోయిరని ఆ ప్రాంతమువారు చెప్పుదురు. పోర్చుగీసువారు క్రీస్తునామము ధరించినవారు. మట్టిముద్రను మనదని చెప్పుకొనుటకు ఉత్సాహపడువారు ఈ రాళ్లమాట వచ్చినప్పుడు "వారు వేఱు, మేము వేఱు" అని తప్పించుకొనుట న్యాయము గాదు. పూర్వులను లెక్కించునప్పుడు మంచిని మాత్రమే ఖాతాలో వేసికొన వీలులేదు.

ఆ ద్వీపమున సోదరులు ఒకరినొకరు ఇరువదియారేండ్లు చంపుకొనిరి. ఏ భూమి ఎవరి పూర్వులది యను వాదమును ఆ కలహములో వినబడెను. పాతదిబ్బలను, పాతశాసనములను దస్తావేజులవలె చూపించిరి. మా యభిప్రాయము స్పష్టముగా చెప్పుచున్నాము. వర్తకపట్టణపు దిబ్బ ఏ యొక్కరి దస్తావేజును గాదు. దానిని తన హక్కునకు సాక్ష్యముగా త్రవ్వువాడు తనకు కావలసిన పొర వచ్చువరకు తక్కిన పొరలను చింపివేయును. అట్లు చింపినచో తన పొరకును అర్థము మిగులదు. లవంగము లేని మాంతై యేమి? మలుకు దీవులవాడును, ఓడవాడును, సుంకరియు, వంటవాడును కలిసినందుననే గదా ఆ యూరు గొప్పరేవయ్యెను!

అదే ద్వీపపు దక్షిణతీరమున గోడవాయ అను చిన్న రేవున్నది. అచటి 2వ శతాబ్దపు శాసనములో గజబాహురాజు ఆ రేవున వచ్చు సుంకమును బౌద్ధవిహారమునకు దానము చేసెను. సుంకము కట్టినవారు నానాదేశములవారు, నానామతములవారు. ఆ ధనముతో భిక్షువులు భుజించిరి. ఆ రేవు కెదురుగా సముద్రపుటడుగున మునిగిన ఓడ యొకటి 2003లో కనబడెను. దాదాపు రెండువేల యేండ్ల క్రిందటిది. అందులో గాజుముద్దలు, ఇనుపకడ్డీలు, శుభచిహ్నములు చెక్కిన సన్నికల్లులు దొరకినవి. దానిని మొదట కనుగొన్నది పండితులు గారు. శంఖములకై మునుగు ఆ యూరివారు. వారు చెప్పినందున లోకమునకు తెలిసినది. ఆ సన్నికల్లును ఇంటికి గొనిపోయి పచ్చడి నూరుకొనియుండినచో నెవరడిగియుందురు?

ఇప్పుడు మన యొడ్డునకు మరలుదము. మనకును ఆ ద్వీపమునకును సంబంధము కల్పనగాదు. నాగార్జునకొండయందు 3వ శతాబ్దమున ఇక్ష్వాకురాజైన వీరపురుషదత్తుని 14వ యేట బోధిసిరి యను ఉపాసిక వ్రాయించిన శాసనములో, తంబపణ్ణి అనగా లంకద్వీపపు ఆచార్యుల పేరు వచ్చును. సింహళవిహారము పేరును వచ్చును. కంటకసేల పేరును అందే యున్నది. అది నేటి కృష్ణాజిల్లాలోని ఘంటసాల. పల్నాటి తెల్లరాతిలో చెక్కిన శిల్పములు లంకలో దొరకినవి. మన కొండల రాయి సముద్రము దాటినది, వారి గురువులు మన కొండకు వచ్చిరి. మా విద్యార్థి తెచ్చిన ఎఱ్ఱరాతిపూసవంటివి ఆ దినములలో ఇరుతీరములను సంచరించినవి.

నాగార్జునకొండ లోయ నేడు జలాశయపు నీటిక్రింద నున్నది. అయినను 1954 మొదలు 1960 వరకు త్రవ్వి, వ్రాసికొని, ముఖ్యమైనవానిని కొండమీదికి చేర్చినందున మనకు దాని చరిత్ర దక్కినది. అక్కడ నీరు వచ్చునని ముందుగా తెలిసినది. మన పాటిదిబ్బలకు వచ్చు ప్రళయమునకు తేదీ లేదు. పూర్వము బండ్లతో తోలిరి, ఇప్పుడు ట్రాక్టరులతో తోలుచున్నారు.

రైతులను నిందించుట మా యుద్దేశము గాదు. పాటిమన్ను పైరునకు బలమిచ్చునని తాతలనాటినుండి తెలిసినదే. మా తండ్రిగారును తోలించినవారే. ఆ మంటిలో పండిన గింజలు తిని మేము చదువుకొంటిమి. "పిల్లల కడుపు ముఖ్యమా, పెంకులు ముఖ్యమా?" అని తల్లిదండ్రులు అడిగినచో కడుపే ముఖ్యమని మేమును చెప్పుదుము. అయితే ఎరువు మఱొకచోట దొరకును. పొర మరల దొరకదు. ఈ యొక్కమాట ఆలోచింపుడని ప్రార్థించుచున్నాము.

మఱికొందరు బుద్ధిమంతులు ఇట్లనవచ్చును: "దిబ్బ అందరిది అన్నచో ఎవరిదియు గాదని యర్థము. మాది అను అభిమానముండినగాని ఎవరు కాపాడుదురు?" ఇది బలమైన యాక్షేపణ. దీనిని తేలికగా త్రోసివేయము. పూర్వుల యందలి అభిమానమే మనుష్యుని మొదట దిబ్బయొద్దకు తెచ్చును. కాని అచటికి వచ్చిన తరువాత ఆ యభిమానము తనవారిని మాత్రమే వెదకుట మానవలెను. మన పాఠశాల బావి అందరిది. అయినను దాని మూత వేయువాడు దగ్గరనున్నవాడే. అట్లే దిబ్బ అందరిది, కావలి మాత్రము ఆ యూరివారిది. స్వామ్యము వేఱు, గృహనిర్వాహకత్వము వేఱు. మన సంఘములో ఈ రెండవమాట అందరికి తెలిసినదే.

చేయదగిన పనులు కొన్ని చెప్పి ముగింతుము. విద్యార్థులు దిబ్బలను త్రవ్వరాదు; పైన దొరకినదానిని గూడ దొరకిన చోటు వ్రాసికొనకుండ తీయరాదు. చోటు తెలియని పూస ఉత్తపూస. చోటు తెలిసిన పెంకు సాక్షి. దొరకినదానిని ఉపాధ్యాయునికి చూపవలెను. భూమిలో విలువగల నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టమే యున్నదని తల్లిదండ్రులు గుర్తింతురుగాక. మన్ను తోలునప్పుడు గోడకట్టుగాని, పెద్దపాత్రగాని, వ్రాతగల రాయిగాని కనబడినచో ఆ ప్రక్క తోలుట నిలిపి కబురు పంపవలెను. పాఠశాల తరఫున ఒక పుస్తకము పెట్టితిమి. ఎవరు, ఏ యూరిలో, ఎంత లోతున, ఏమి చూచిరో అందులో వ్రాయబడును. వస్తువులను కూడబెట్టు అలమార పెట్టలేదు. అలమార పెట్టినచో దానిని నింపుటకై పిల్లలు దిబ్బలను త్రవ్వుదురని మాకు భయము.

ఆ పుస్తకమున మొదటి పుట మా తప్పునకు విడిచితిమి. పెంకులు గుప్పెడు, పూస యొకటి, సీసపు నాణెమొకటి; లోతు తెలియదు, పొర తెలియదు; ఉపాధ్యాయుని అశ్రద్ధచే పోయినవి అని వ్రాసితిమి. ఆ బాలుని పిలిచి చూపించితిమి. వాడు చదివి కొంతసేపు మాటాడక నిలిచి, చెల్లెలి మెడలోని పూసను మరునాడు తెచ్చెను. దిబ్బకు తూర్పుప్రక్క, రావిచెట్టునకు ఎదురుగా దొరకినదని వాడే తన చేతితో వ్రాసెను. పూసను మరల చెల్లెలికే ఇమ్మంటిమి.

వాని ప్రశ్నకు మా సమాధానము ఇది: నాయనా, ఆ పూసను చేసినవాడు ఎవడో, తెచ్చినవాడు ఎవడో, ధరించినది ఎవరో మనకు తెలియదు. వారందరు మనవాళ్లే. దానిని పోగొట్టువాడు ఒక్కడే పైవాడు.